ఆరో గుండీ

శనివారం ఉదయం పదిన్నరకు, సంగీత వాద్యాలమ్మే దుకాణంలో, తనకోసం ప్రత్యేకంగా తెప్పించిన గిటార్‌ను అద్దాలమ్మాయి వద్దంది. సాయంత్రం ఆరింటికి హాల్లో ఆమెకు పరీక్ష. చేతిలో వేరే గిటార్ లేదు.

ఉన్న గిటార్ పోయిన వారం విరిగింది. హాలు మెట్ల మీద స్పీకరు పెట్టె జారి దాని మెడ మీద పడింది. అది ఆమె మేనమామది. ఆయన పనికి వెళ్ళిన వేళల్లో తలుపేసుకుని పదేళ్ళు దాని మీదే నేర్చుకుంది. పగలు కళ్ళద్దాల దుకాణం వెనక గదిలో మిషను మీద అద్దాలు అరగదీస్తుంది కాబట్టి బృందంలో ఆమెకు అద్దాలమ్మాయి అన్న పేరు పడింది. బృందంలో గిటార్ వాయించేవారు లేరు. ఈ సాయంత్రం హాలు మేనేజరు ముందు నాలుగు పాటలు వాయించి మెప్పిస్తే ఆ స్థానం ఆమెది. మెప్పించలేకపోతే వారాంతపు సాయంత్రాలు ఇంకో బృందానికి ఇచ్చేస్తానని మేనేజరు అందరి ముందూ చెప్పాడు.

దుకాణంలో ఆ సమయానికి నలుగురున్నారు. అద్దాలమ్మాయి, ఆమె వదిన, బృందం పెద్ద అయిన మేస్త్రి, దుకాణదారు.

మేస్త్రి ఇళ్ళు కట్టిస్తాడు. సాయంత్రాలు డ్రమ్ములు వాయిస్తాడు. వదిన దర్జీ. మెడలో టేపు, ఒళ్ళో నల్ల కోటు పెట్టుకుని స్టూలు మీద కూర్చుని కుడుతోంది. బృందంలో అందరూ స్టేజీ మీద వేసుకునే కోటు అది. మేస్త్రి పాతదొకటి ఇచ్చి అద్దాలమ్మాయి కొలతకు సరిచేయమన్నాడు.

"మేస్త్రిగారూ, ఇది ఎవరి కోటో చెప్పనే లేదు మీరు" అంది వదిన, తలెత్తకుండా.

"ఎక్స్‌ట్రా కోటమ్మా. ఊరికే పడుంది."

"ఊరికే పడున్న కోటుకి నడుం దగ్గర కుట్లెందుకుంటాయి? గుండీలు ఎడమ పక్కనున్నాయి. ఇది ఆడమనిషికి కుట్టింది. పైగా ఒక గుండీ తక్కువ. ఈ లంగరు బొమ్మ గుండీ కోసం వారం నుంచి తిరగని షాపు లేదు. ఎక్కడా దొరకలా."

మేస్త్రి ఆ మాట విననట్టు దుకాణదారు వైపు తిరిగాడు. "తియ్యవయ్యా పెట్టె."

దుకాణదారు పెట్టె తెరిచాడు. లోపల ఎర్ర గిటార్ ఉంది. ఎడమచేతి వాటం వాళ్ళ కోసం ఫ్యాక్టరీలోనే తిరగేసి చేసినది.

"చూడమ్మాయ్" అన్నాడు మేస్త్రి. "పుర్రచెయ్యి వాళ్ళకి పుర్రచేతి గిటార్. మేం ముగ్గురం కలిసి అడ్వాన్సు కట్టాం. మిగతాది నీ దగ్గరున్న ఇరవై రెండువేలతో తీరిపోతుంది. అన్నీ లెక్కేశా."

మామయ్య గిటార్ విరిగిన రోజునే మేస్త్రి ఈ సంగతి చెబితే, బృందంలోని కీబోర్డాయన, శాక్సఫోన్ ఆయన చప్పట్లు కొట్టారు. అప్పుడు ఆమె ఏమీ అనలేదు. ఇప్పుడు గిటార్ తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది. కుడిచేతి వేళ్ళు మెడ మీద పెట్టి ఎడమచేత్తో మీటింది. వచ్చిన స్వరం తప్పు. వేళ్ళు చూసుకుంటూ మళ్ళీ మీటింది. మళ్ళీ తప్పే. మూడోసారి సగంలో ఆపేసి గిటార్‌ను పెట్టెలో పెట్టింది.

"మేస్త్రిగారూ, దీన్ని నేను వాయించలేను."

"కొత్త కదా. రెండు గంటలు కూర్చుంటే అదే వస్తుంది."

"రాదండి. ఇది నాకు తిరగబడినట్టుంది."

"ఎడమచేతి వాళ్ళ గిటార్ ఎడమచేతి వాళ్ళకి తిరగబడటమేంటి?" మేస్త్రి నవ్వాడు. దుకాణదారూ నవ్వబోయి, ఆమె మొహం చూసి ఆగాడు.

ఆమె గోడకున్న మామూలు గిటార్ ఒకటి దింపి, మెడ కుడివైపుకు వచ్చేలా తిప్పి పట్టుకుంది.

"మామయ్య తన గిటార్ ముట్టుకోవద్దనేవాడు. తీగలు విప్పితే తెలిసిపోతుంది. అందుకని గిటార్‌నే ఇలా తిప్పి పట్టుకున్నా. తీగలు మామయ్య వేసినవి వేసినట్టే ఉండేవి. ఇప్పుడు చూడండి. అందరికీ లావు తీగ పైన ఉంటుంది. నాకు కిందుంటుంది, నేల వైపు. పదేళ్ళూ నా వేళ్ళు నేర్చుకున్నది ఈ వరుస. ఆ ఎర్ర గిటార్‌లో లావు తీగ మళ్ళీ పైకెళ్ళిపోయింది."

మేస్త్రి ఆమె వాయించగా రెండుసార్లు విన్నాడు. ఎడమచేత్తో మీటుతోందని చూశాడు. తీగలు ఏ వరుసలో ఉన్నాయో చూడలేదు. మిగతా ఇద్దరూ చూడలేదు.

"ముందే చెప్పాల్సింది" అన్నాడు.

"మీరు అడ్వాన్సు కట్టొచ్చి చెప్పారు. అంత సంతోషంగా ఉన్నారు, నోరు రాలేదు. రాత్రంతా ఆలోచించా, ఎలాగైనా వాయిద్దామని. ఇప్పుడు పట్టుకుని చూశాక చెప్తున్నా, కుదరదు."

"తీగలు తిరగేసి వేస్తే పోలా?" మేస్త్రి దుకాణదారును అడిగాడు.

దుకాణదారు ఎర్ర గిటార్ మెడ చివరనున్న తెల్ల పట్టీ మీద గోరు పెట్టి చూపించాడు. "తీగలు కూర్చునే గాడులివి. సన్న తీగకి సన్నగా, లావు తీగకి లావుగా కోసుంటాయి. లావు తీగ సన్న గాడిలో దిగదు. పట్టీ కొత్తది కోసి అతికించాలి. మంగళవారం దాకా పడుతుంది."

"అడ్వాన్సు?"

"ప్రత్యేకంగా తెప్పించింది మేస్త్రీ. వెనక్కి తీసుకోరు. ముందే చెప్పాను కదా."

మేస్త్రి కాసేపు కౌంటరు మీద వేళ్ళతో దరువు వేశాడు. తర్వాత ఆమెకు ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"చూడమ్మాయ్. తప్పు గిటార్‌ది కాదు, నువ్వు నేర్చుకున్న పద్ధతిది. పునాది వంకరగా పోసుకుని, దాని మీదే గోడ లేపుతానంటే ఎలా? ఒక వారం కష్టపడు, వేళ్ళు దారికొస్తాయి. మేనేజరుతో మాట్లాడి పరీక్ష వచ్చే శనివారానికి మార్పిస్తా."

"మార్చడని మీకూ తెలుసు, నాకూ తెలుసు. గోడ పదేళ్ళుగా నిలబడే ఉంది మేస్త్రిగారూ. మీరొచ్చి పునాది మార్చమంటున్నారు."

"మొండితనం పనికిరాదు. అలా తిప్పి పట్టుకునేవాళ్ళు స్టేజీ మీద ఎక్కువ రోజులు నిలబడరు. నేను చూశాను."

"ఎవర్ని చూశారు?"

మేస్త్రి వాచీ చూసుకున్నాడు.

వదిన పళ్ళతో దారం తెంపింది. "మేస్త్రిగారూ, ఒక మాట అడుగుతా. మీరు సంతకం కుడిచేత్తో పెడతారా?"

"అవును."

"సాయంత్రం ఆరింటికల్లా ఎడమచేత్తో పెట్టండి. అచ్చం అలాగే ఉండాలి. బ్యాంకువాళ్ళు చూసి డబ్బిస్తే, మా ఆడపడుచు ఈ ఎర్రది వాయిస్తుంది."

దుకాణదారు ఈసారి నవ్వు ఆపుకోలేదు. మేస్త్రి నవ్వలేదు. "అన్నీ లెక్కేసి కొన్నానమ్మా" అన్నాడు మళ్ళీ.

"అన్నీ వేశారు. దాని వేళ్ళు వెయ్యలా" అంది వదిన.

అద్దాలమ్మాయి లేచి కౌంటరు దగ్గరకు వెళ్ళింది. "ఇరవై రెండువేల లోపు మామూలు గిటార్లు చూపించండి. కుడిచేతి వాళ్ళవే. తిప్పి పట్టుకున్నా పనికొచ్చేది ఏదో నేను చూసుకుంటా."

"తిప్పి పట్టుకుంటే ఏదైనా ఒకటే కదమ్మా?"

"కాదండి."

దుకాణదారు మొదట దింపినది నల్లది. దాని ఒంటికి మెడ పక్కన ఒకవైపే కోత ఉంది. చెయ్యి లోపలికి జరిపి, మెడ మొదట్లో ఉన్న హెచ్చు స్వరాలు అందుకోవడానికి ఆ కోత. మామూలుగా పట్టుకుంటే అది కింది వైపుంటుంది. ఆమె తిప్పి పట్టుకునేసరికి కోత పైకి పోయింది, వేళ్ళకు కొయ్య అడ్డం వచ్చింది. ఆమె మూడో పాటలో ఒక ముక్క మొత్తం ఆ స్వరాల్లోనే ఉంది. పక్కన పెట్టేసింది.

రెండోదానికి రెండువైపులా కొమ్ములున్నాయి, కానీ ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. బెల్టు తగిలించుకుని నిలబడింది. తిప్పేసరికి బెల్టు పొట్టి కొమ్ముకు తగిలించాల్సి వచ్చింది. చెయ్యి వదిలితే గిటార్ మెడ నేల వైపు వాలిపోయింది.

"వాయిస్తూ దీని బరువు కూడా నేనే మొయ్యాలి" అంది. మళ్ళీ మెడ ఎత్తి వాయించబోతే శబ్దం దానంతటదే తగ్గిపోయింది. శబ్దం తగ్గించి పెంచే నాబ్ మామూలుగా తీగల కింద ఉంటుంది. ఇప్పుడది తీగల పైకి వచ్చి, ఆమె ముంజేయి ఆనే చోట ఉంది. మీటిన ప్రతిసారీ ముంజేయి రాసుకుని నాబ్ తిరుగుతోంది.

"మా అత్తగారు టీవీ రిమోటు మీద కూర్చున్నట్టుంది" అంది వదిన.

ఆ అత్తగారు అద్దాలమ్మాయి తల్లి. కూతురు ఆ మాట పట్టించుకోకుండా మూడోదానికి చెయ్యి చాపింది.

మూడోదానికి కొమ్ములు రెండూ సమానం. నాబ్ దూరంగా ఉంది. వదిన లేచి వచ్చి, మెడ చివర పట్టీ నుంచి తీగలు దిగే చోటు దాకా టేపు పెట్టింది.

"ఇరవై అయిదున్నర అంగుళాలు."

"మామయ్యది ఇరవై నాలుగూ ముప్పావు. నా వేళ్ళకి అదే అందుతుంది. దీంట్లో కొంచెం సాగదీయాలి. సర్దుకుంటా" అంటూ ఆమె స్పీకరు వైరు తగిలించమంది.

దుకాణదారు వైరు తగిలించి స్పీకరు పెట్టె ఆన్ చేశాడు. ఆమె తీగలు ముట్టుకోకముందే గుంయ్‌మని గొణుగుడు మొదలైంది. దుకాణదారు పైనున్న ట్యూబులైటు ఆపాడు. గొణుగుడు తగ్గింది. వేశాడు. పెరిగింది.

"తీగల కింద ఒకే వైరు చుట్టున్న పికప్పులమ్మా" అన్నాడు. "తీగ కదలికని ఈ చుట్టే పట్టుకుంటుంది. లైట్లలో కరెంటు రొదని కూడా పట్టేస్తుంది. జంట చుట్లున్నవైతే ఒకదాని రొదని ఇంకోటి కొట్టేస్తుంది."

"హాల్లో ఎన్ని ట్యూబులైట్లున్నాయి వదినా?"

"వరసగా ఉన్నాయి. ఆపించమని మేనేజర్ని అడుగుదామా?"

"ఆయన బల్బు మాడితే మార్చడు. మనకోసం చీకట్లో కూర్చుంటాడా?"

ఎర్ర గిటార్ తీగల కింద కూడా ఒకే చుట్టున్న పికప్పులేనని ఆమె అప్పుడు చూసింది. మేస్త్రి కూడా అటే చూస్తున్నాడు.

నాలుగోది కౌంటరు మీదికి రాగానే ఆమె తిప్పింది, బెల్టు తగిలించింది, మీటింది, అన్నీ సరిపోయాయి. వదిన ధర చీటీ తిప్పి చూసి వెంటనే గిటార్ లాక్కుంది.

"దీన్ని వెనక్కి పెట్టండి బాబూ. మళ్ళీ మా ఆడపడుచు కంట పడనీకండి. మా ఇంట్లో ఫ్రిజ్జు, మిషనూ, మా ఆయన్ని కలిపి అమ్మినా ఇంత రాదు."

ఇరవై రెండువేల లోపు ఇంకేమీ లేవని దుకాణదారు చెప్పాడు. మేస్త్రి లేచి నిలబడ్డాడు. "ఇక ఎర్రది పట్టుకెళ్దాం" అన్నాడు. గొంతులో కోపం లేదు. "సాయంత్రానికి ఉన్నదాంతో కానిద్దాం. సులువైన పాటలు పెడతా. రెండు మూడు స్వరాలతో గడిపెయ్."

"గడిపెయ్యడానికి రాలేదండి నేను."

ఆమె దుకాణదారు వెనక తెరిచి ఉన్న తలుపు వైపు చూస్తోంది. అది రిపేరు గది. బల్ల మీద విప్పిన స్పీకరు, టంకం వేసే పరికరం. గోడకు ఒక గిటార్ వేలాడుతోంది. దాని కొమ్ములు రెండూ సమానంగా ఉన్నాయి.

"అదేంటి?"

"అది పాతదమ్మా. మొన్న మంగళవారం ఒకావిడ అమ్మిపెట్టమని ఇచ్చి వెళ్ళారు. అక్కడక్కడా గీరుకుపోయింది, పైగా ఏదో గుండీ అతికించి ఉంది. అందుకే బయట పెట్టలేదు."

"ఒకసారి ఇవ్వండి."

దుకాణదారు తెచ్చి ఇచ్చాడు. గోధుమ రంగు గిటార్. ఆమె దాన్ని ఒళ్ళో పెట్టుకుని కళ్ళద్దాల పనిలో చూసినట్టు అంచు నుంచి అంచుకు చూసింది. తీగల కింద రెండు పికప్పులు, రెండూ జంట చుట్లవే. నాబ్ ఒక్కటే, అదీ వెనక అంచుకు దగ్గరగా. రెండో నాబ్ ఉండాల్సిన చోట కన్నాన్ని నల్ల గుండీతో మూశారు. బెల్టు తగిలించే మేకు మామూలుగా ఉండే కొమ్ముకు లేదు. అవతలి కొమ్ముకు ఉంది. పాత మేకు కన్నంలో పుల్ల కొట్టి నునుపు చేశారు.

ఆమె గిటార్‌ను తిప్పి పట్టుకుంది. ముంజేయి ఆనిన చోట వార్నీషు అప్పటికే అరిగిపోయి కొయ్య కనిపిస్తోంది. మామూలుగా వాయించేవాళ్ళ చెయ్యి ఆ చోట ఆనదు.

వదిన అడక్కుండానే టేపు పెట్టింది. "ఇరవై నాలుగూ ముప్పావు" అని, టేపు మళ్ళీ సరిచేసి చూసి, "ముప్పావే" అంది.

దుకాణదారు వైరు తగిలించి స్పీకరు ఆన్ చేశాడు. ట్యూబులైటు వెలుగుతోంది. గొణుగుడు రాలేదు.

ఆమె సాయంత్రం వాయించాల్సిన మూడో పాట మొదలుపెట్టింది. అంతకుముందు ప్రతి గిటార్ మీదా రెండు మూడు మీట్లు మీటి ఆపింది. దీని మీద పాట పూర్తయ్యేదాకా వాయించింది. హెచ్చు స్వరాల ముక్క దగ్గర చెయ్యి కొమ్ముల మధ్యకు జారి వెనక్కి వచ్చింది. మేస్త్రి వేళ్ళు మొదట కౌంటరు మీద తాళం వేశాయి. తర్వాత ఆగిపోయాయి.

పాట అయ్యాక వదిన కోటు తీసుకుని గిటార్ దగ్గరకు వచ్చింది. కోటుకున్న అయిదు గుండీల్లో పై గుండీని, గిటార్ మీది గుండీ పక్కన పెట్టింది. రెండూ నల్లవి. రెండింటి మీదా లంగరు బొమ్మ ఉంది. రెండింటికీ అంచున ఒకే గాడి.

"వారం నుంచి నేను ఊరంతా వెతుకుతున్న గుండీ ఇదే" అంది వదిన.

అద్దాలమ్మాయి తలెత్తి మేస్త్రి వైపు చూసింది. "ఈ కోటు, ఈ గిటార్ ఒకరివే. ఎవరివి మేస్త్రిగారూ?"

మేస్త్రి గిటార్‌ను చూస్తున్నాడు. "మా చెల్లెలివి."

"తనూ తిప్పి వాయించేదా?"

"వాయించేది."

"తీగలు మార్చకుండానా?"

"తీగలు చూళ్ళేదమ్మా నేను. ఎప్పుడూ చూళ్ళేదు."

దుకాణదారు గొంతు సవరించుకున్నాడు. "మేస్త్రీ, ఒక సంగతి ఇప్పుడు గుర్తొస్తోంది. మా నాన్న కౌంటర్లో ఉన్నప్పుడు మీరొక ఎడమచేతి గిటార్ తెప్పించారు. మా షాపుకి వచ్చిన మొదటి ఎడమచేతి గిటార్ అదే, అందుకని బాగా గుర్తు. రెండు నెలలకి మీరే వెనక్కి తెచ్చారు. తీగల మెరుపు కూడా పోలేదు. ఏమైందని నాన్న అడిగితే, వాయించేది వెళ్ళిపోయిందన్నారు."

"అవును."

"అది కొన్నది ఆవిడ కోసమేనా?" వదిన అడిగింది.

మేస్త్రి తలూపాడు. "అప్పుడూ అడక్కుండానే కొన్నా. సంతోషిస్తుందనుకున్నా. పాతదాన్ని స్టేజీ ఎక్కించొద్దన్నా. అదే హాల్లో, పాట మధ్యలో ఆగిపోయింది. మళ్ళీ మొదలుపెట్టి మళ్ళీ ఆగిపోయింది. గిటార్ కింద పెట్టి, కోటు విప్పి కుర్చీ మీద వేసి, దిగి వెళ్ళిపోయింది. జనం ముందు నన్ను అవమానించడానికే ఆపిందనుకున్నా. మొండిఘటమని తిట్టా. ఆ తర్వాత నాతో మాట్లాడలేదు."

అద్దాలమ్మాయి బెల్టు తీసి గిటార్‌ను ఒళ్ళో పెట్టుకుంది.

"ఒకటి చెప్పు" అన్నాడు మేస్త్రి. "ఆ ఎర్రదిచ్చి స్టేజీ ఎక్కిస్తే నువ్వేం చేస్తావ్? కొంచెం కూడా వాయించలేవా?"

"మీరు చూశారుగా."

"కష్టపడితే?"

"కష్టపడినకొద్దీ ఎక్కువ తప్పులొస్తాయి. ఆలోచించకుండా వాయించే మనిషి ప్రతి వేలికీ ఆలోచించాలి. పాట ఆగదు కదా మన కోసం."

"ఆగిపోతావా మధ్యలో?"

"ఆగిపోతా."

మేస్త్రి వెళ్ళి, వీధి వైపు కిటికీ దగ్గర నిలబడ్డాడు.

ధర వదిన అడిగింది. పద్దెనిమిది వేలకు ఇమ్మని గిటార్ తెచ్చిచ్చినావిడ చెప్పినట్టు దుకాణదారు అన్నాడు. అద్దాలమ్మాయి కవరు తీసి డబ్బు ఇచ్చింది. మిగిలిన నాలుగువేలు తీసుకెళ్ళి మేస్త్రి పక్కన కిటికీ గట్టు మీద పెట్టింది.

"మీ ముగ్గురి అడ్వాన్సులోకి ఇది. మిగతాది జీతం రాగానే ఇస్తా."

"తియ్యి దాన్ని. పొరపాటు నాది."

"మీరు కొన్నది నాకోసం. నేను వద్దన్నా. పొరపాటు ఎవరిదన్నది తర్వాత చూద్దాం, కీబోర్డాయన డబ్బు మాత్రం పోకూడదు."

వదిన గిటార్ మీది గుండీని గోటితో కదిపి చూస్తోంది. "దీన్ని ఊడదీస్తే కోటుకి ఆరూ సరిపోతాయి. చిటికెలో పని."

"వద్దు వదినా. కన్నం తెరుచుకుంటుంది. పెట్టినావిడ ఎందుకో పెట్టింది, ఉండనీ."

"మరి కోటు?"

"అయిదు చాలు."

అమ్మినట్టు చెప్పాలి కాబట్టి దుకాణదారు ఆవిడకు ఫోన్ చేశాడు. అందరికీ వినపడేలా కౌంటరు దగ్గరే నిలబడి మాట్లాడాడు. గిటార్ అమ్ముడైందన్నాడు. డబ్బుకు ఎప్పుడొస్తారని అడిగాడు. అవతల ఏదో అడిగినట్టున్నారు.

"ఒకమ్మాయి కొందండి. లేదండి, కుడిచేత్తో కాదు. మీలాగే, తిప్పి పట్టుకుని వాయిస్తుంది. తీగలు మార్చొద్దంది."

అతను అవతలి మాట విన్నాడు. తర్వాత, "ఈ సాయంత్రం హాల్లో వాయిస్తుందండి" అన్నాడు. మళ్ళీ విన్నాడు. కిటికీ వైపు చూశాడు. "అవునండి. ఆ ట్రూపే" అని ఫోను పెట్టేశాడు.

"ఏమంది?" మేస్త్రి అడిగాడు.

"అయిదున్నరకి డబ్బు తీసుకోడానికి వస్తానన్నారు."

"నేనుంటా."

"మీరున్నారని ఆవిడకి చెప్పమంటారా?"

మేస్త్రి ఆలోచించాడు. "చెప్పు. చెప్పకుండా చేసింది చాలు."

దుకాణదారు మళ్ళీ ఫోన్ చేశాడు. మేస్త్రి ఉంటాడన్న సంగతి చెప్పాడు. ఈసారి అవతల ఏమీ అనకుండా పెట్టేశారని చెప్పాడు.

అద్దాలమ్మాయి గిటార్‌ను పెట్టెలో పెట్టి కొక్కేలు వేసింది. తలుపు దగ్గర ఆగింది.

"మేస్త్రిగారూ, ఆరింటికి మీరు డ్రమ్ముల దగ్గర ఉండాలి."

"ఉంటానమ్మాయ్."

"ఉంటే మంచిది. ఆలస్యమైతే మాత్రం నేను ఆగను. ఆరింటికి మొదలుపెట్టేస్తా."

"డ్రమ్ముల్లేకుండానా?"

"తలుపేసుకుని పదేళ్ళు డ్రమ్ముల్లేకుండానే వాయించా."

వదిన సంచి భుజాన వేసుకుని ఆమె వెనకే మెట్లు దిగింది. "దబాయించడం ఎక్కడ నేర్చావే" అంది వీధిలోకి వచ్చాక.

"మీ ఆయన చెల్లెల్ని కదా."

"మా ఆయన నోరు తెరిచి పదిహేనేళ్ళైంది. ఇది నా దగ్గర నేర్చిందే."

అయిదున్నరకు హాల్లో కీబోర్డాయన వైర్లు కలిపాడు. శాక్సఫోన్ ఆయన కుర్చీలు సర్దాడు. ఎర్ర గిటార్ ఏదని ఇద్దరూ అడిగారు. అద్దాలమ్మాయి జరిగింది చెప్పి, తన వేళ్ళు చూపించి, తీగల వరుస చూపించింది. కీబోర్డాయన వంగి చూసి, "ఇన్నాళ్ళూ మేం చూసిందేంటసలు?" అన్నాడు. డబ్బు సంగతి ఎవరూ ఎత్తలేదు. పాత గిటార్ వాయించిన మనిషి ఎవరో చెప్పినప్పుడు శాక్సఫోన్ ఆయన కుర్చీలో కూర్చుండిపోయాడు. ఆమె పాట ఆపి దిగి వెళ్ళిపోయిన రాత్రి స్టేజీ మీద ఆయన కూడా ఉన్నాడు.

మేస్త్రికి ఫోన్ చేశారు. మోగింది, ఎత్తలేదు.

ఆరుకు కొంచెం ముందు మేనేజరు వచ్చి మూడో వరుసలో కూర్చున్నాడు. పైన ట్యూబులైట్లన్నీ వెలుగుతున్నాయి. వదిన స్టేజీ పక్కన నిలబడి ఆడపడుచు కోటు భుజాలు సరిచేసింది. ఆరో గుండీ ఉండాల్సిన చోట లోపలి నుంచి హుక్కు కుట్టింది. బయటికి తెలియదు.

"మీ డ్రమ్ములాయన ఏడీ?" మేనేజరు అడిగాడు.

"వస్తున్నారు సార్" అన్నాడు కీబోర్డాయన.

"నాకు ఏడింటికి ఇంకో ట్రూపుంది. మొదలుపెడతారా, వాళ్ళని ముందే రమ్మననా?"

కీబోర్డాయన అద్దాలమ్మాయి వైపు చూశాడు. ఆమె గోడ గడియారం చూసింది. గిటార్ తిప్పి పట్టుకుంది. నాబ్ పెంచింది. స్పీకరులోంచి గొణుగుడు రాలేదు.

"మొదలుపెడుతున్నాం సార్" అంది.

పాదంతో నేల మీద నాలుగు లెక్కపెట్టి మొదటి పాట ఎత్తుకుంది. రెండో చరణానికి కీబోర్డు కలిసింది, తర్వాత శాక్సఫోన్. మేనేజరు చేతిలోని ఫోను జేబులో పెట్టాడు. మొదటి పాట అయిపోయింది. ఆమె ఆపకుండా రెండోది అందుకుంది, దాని వెంటనే మూడోది. డ్రమ్ముల వెనక స్టూలు ఖాళీగా ఉంది.

మూడో పాటలో హెచ్చు స్వరాల ముక్క దగ్గర హాలు వెనక తలుపు తెరుచుకుంది. వదిన తల తిప్పి చూసింది.

లోపలికి వచ్చింది మేస్త్రి ఒక్కడే, చెల్లెలు వెంట లేదు.